అల్లిన చేతికి అందేదెంత? ఆర్థిక విషయాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

స్త్రీలు వ్యాపారంలో, అర్థశాస్త్రంలో సాధించినదాని గురించి రాయబోతున్నామని గత సంచికలో ప్రకటించిన తరువాత చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది ప్రసిద్ధుల జీవిత విశేషాలు అడుగుతారని అనుకున్నాను. కానీ తమ ఇంటి గురించి, తమ అమ్మ గురించి, తమ సంఘం గురించి అడిగినవారే ఎక్కువ. వాటిలో ఐదు ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మ ముప్పయ్యేళ్ళుగా లేసు అల్లుతోంది. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లినది ఆయనే పట్టుకెళతాడు, రేటు కూడా ఆయనే చెబుతాడు. ఎవరైనా అడిగితే "ఖాళీగా కూర్చోలేక అల్లుకుంటున్నాను" అని అమ్మే అంటుంది. హైదరాబాదులో ఒక దుకాణంలో అలాంటి బల్లగుడ్డ ధర చూసి నాకు నోట మాట రాలేదు. ఇంత పనితనం ఉన్న మనిషికి అంత తక్కువ ఎందుకు వస్తోంది?
(ఒక పాఠకురాలు, నరసాపురం దగ్గరి గ్రామం)

జవాబు: మీ అమ్మగారి మాటతోనే మొదలుపెడతాను. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మీ ప్రాంతానికే వచ్చి, లేసు అల్లే స్త్రీల బతుకును దగ్గరగా చూసి చేసిన అధ్యయనం 1982లో వెలువడింది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన ఈ అల్లిక అప్పటికే విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకు. అల్లే చేతులు స్త్రీలవి, ఎగుమతి వ్యాపారం పురుషులది. పొద్దస్తమానం అల్లుతున్నా ఆ స్త్రీలను పనివాళ్ళుగా ఎవరూ లెక్కించడం లేదని, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసుకునే పనిగానే అందరూ చూస్తున్నారని, ఆ స్త్రీలు సైతం అదే నమ్ముతున్నారని ఆమె గమనించారు. ఈ నమ్మకం వల్ల లాభపడేది ఎవరో ఆలోచించండి. తీరిక వేళ చేసే పని అనుకున్నప్పుడు గంటకింత అని అడగాలన్న ఆలోచనే రాదు, అడగని చోట రేటు పెరగదు.

ఇక రెండో కారణం అంగడిలోనే ఉంది. వస్తువును అమ్మేవాడు ఒక్కడే అయితే ధర పెంచేస్తాడని మనందరికీ తెలుసు, దాన్ని గుత్తాధిపత్యం అంటాం. కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుంది? ఈ ప్రశ్నను పట్టుకుని శాస్త్రీయంగా విడమరిచిన మనిషి జోన్ రాబిన్సన్. కేంబ్రిడ్జ్‌లో అర్థశాస్త్రం చదివి, పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళ పాటు మన గ్వాలియరులో గడిపి, 1933లో, ముప్పయ్యేళ్ళ వయసులో, ఆ సిద్ధాంతాన్ని ప్రకటించారు. కొనేవాడు ఒక్కడే ఉన్న ఈ స్థితికి మోనోప్సొనీ అన్న పేరు ఆమె ద్వారానే అర్థశాస్త్రంలో స్థిరపడింది. మీ ఊళ్ళో ఏజెంటు ఒక్కడే అయితే, మీ అమ్మగారు పట్నం వెళ్ళి అమ్ముకోలేరు గనుక, ఆయన ఆమె శ్రమకు ఏకైక కొనుగోలుదారు.

అంకెల్లో చూద్దాం. ఒక ఏజెంటు దగ్గర పదిమంది స్త్రీలు రోజుకు 100 రూపాయల చొప్పున పని చేస్తున్నారు. పదకొండో మనిషి 110 రూపాయలైతేనే వస్తానంటుంది. ఆమెకు 110 ఇస్తే మిగిలిన పదిమందీ ఊరుకోరు, అందరికీ 110 ఇవ్వాలి. అప్పటిదాకా 1,000 రూపాయలైన రోజు ఖర్చు 1,210 అవుతుంది. అంటే పదకొండో మనిషిని పెట్టుకోవడానికి ఆయనకు పడే భారం 110 కాదు, 210. ఆమె అల్లిన లేసు 180 రూపాయలు పలికినా ఆయన ఆమెను తీసుకోడు. ఫలితంగా పని దొరికినవాళ్ళకు కూలి తక్కువ, మిగతావాళ్ళకు పనే లేదు. ఇప్పుడు చట్టమో సంఘమో నిలబడి 110కి తక్కువైతే ఎవరూ అల్లరు అని గట్టిగా చెప్పిందనుకోండి. పదిమందికీ ఎలాగూ 110 ఇవ్వక తప్పదు గనుక పదకొండో మనిషి భారం 110 మాత్రమే. 180 పలికే పనికి 110 ఇవ్వడానికి ఆయన సంతోషంగా ఒప్పుకుంటాడు. కూలీ పెరిగింది, పని దొరికినవాళ్ళ సంఖ్యా పెరిగింది. "రేటు పెంచితే ఉన్న పనీ పోతుంది" అని ఎవరైనా మీ అమ్మగారిని భయపెడితే, కొనేవాడు ఒక్కడే ఉన్న చోట ఆ మాట నిజం కానక్కరలేదని ఈ లెక్క చూపించండి. రేటు 180 దాటితే మాత్రం ఆ బెదిరింపులో నిజం ఉంటుంది. అందుకే ఎంత అడగాలో తెలియడం కూడా ముఖ్యమే.

ఇలా కలిసి నిలబడడం కుదిరే పనేనా అంటే, అహ్మదాబాదులో ఇళా భట్ 1972లో చేసి చూపించారు. తల మీద బరువులు మోసేవాళ్ళు, ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు కలిసి కార్మిక సంఘం పెడతామంటే, యజమానే లేనప్పుడు సంఘం ఎవరి మీద పోరాడుతుందని అధికారులు మొదట రిజిస్టరు చేయడానికి ఒప్పుకోలేదు. సంఘం ఎవరికో వ్యతిరేకంగా ఉండనక్కరలేదు, తమలో తాము ఐక్యంగా ఉండడానికైనా ఉండవచ్చు అన్నది ఆమె వాదన. అలా పుట్టినదే సేవా. ఇంటి నుంచి పని చేసేవారిని కార్మికులుగా గుర్తించాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక 1996లో రావడానికి సేవా చేసిన కృషి చాలా ఉంది. భారతదేశం ఆ ఒడంబడికను ఇంకా ఆమోదించలేదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే, అయితే ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది. అల్లిన మనిషికి ఎంత ఇవ్వాలో అది చెప్పదు.

ప్రశ్న: నేనూ మా తోడికోడలూ కలిసి ఆవకాయ పెట్టి అమ్ముతున్నాం. కిలో 350 రూపాయలు. ఖర్చులు పోను కిలోకు 80 మిగులుతోంది. అయినా ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ కనబడడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?
(గుంటూరు)

జవాబు: మీరు పంపిన లెక్కలో మామిడికాయలు, కారం, ఆవపిండి, నూనె, ఉప్పు, సీసాలు అన్నీ ఉన్నాయి. మీరిద్దరూ మాత్రం లేరు. పది కిలోలకు సరుకులూ సీసాలూ కలిపి 2,700 అయిందన్నారు, అమ్మితే 3,500 వచ్చింది, మిగులు 800. ఆ పది కిలోలకు ఇద్దరూ రెండేసి రోజులు కష్టపడ్డామని కూడా రాశారు, అంటే నాలుగు దినాలు. 800ను నాలుగుతో భాగిస్తే దినానికి 200. మిరప కోతలకు వెళ్ళినా అంతకన్నా ఎక్కువే వస్తుంది. ఒక పని చేస్తున్నందుకు వదులుకున్న వేరే పనుల్లో మేలైనదాని విలువను అర్థశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది. అది ఎవరి బిల్లులోనూ కనబడదు, అయినా అది ఖర్చే. దినానికి 500 చొప్పున వేసుకుంటే మీ ఆవకాయ అసలు ఖర్చు కిలోకు 470. మీకు వస్తున్నది లాభం కాదు, సగానికి తక్కువైన కూలి.

ధర పెంచగలరా, లేక అదే సమయంలో ఎక్కువ కిలోలు పెట్టగలరా అన్నది మీరు తేల్చుకోవాలి. రెండో దారే సులువు. జాడీలు, తూకం, లైసెన్సు, ఆటో కిరాయి వంటివి పది కిలోలకైనా ముప్పై కిలోలకైనా దాదాపు ఒక్కటే గనుక సరుకు పెరిగేకొద్దీ కిలోకు పడే భాగం తగ్గుతుంది. 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గాంలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మేడ మీద అప్పడాలు చేయడం మొదలుపెట్టారు, మొదటి రోజు అయినవి నాలుగు ప్యాకెట్లు. లిజ్జత్ పాపడ్ అలా పుట్టింది. విరాళాలు తీసుకోకూడదని, అప్పడం చేసే ప్రతి స్త్రీ సంస్థకు యజమానురాలేనని, లాభమైనా నష్టమైనా అందరూ పంచుకోవాలని వాళ్ళు మొదట్లోనే కట్టుబాటు చేసుకున్నారు. వాళ్ళు చేసిన శ్రమకు కూలి మొదట, లాభం తరువాత. మీరూ ఆ వరుసలోనే లెక్క రాయండి.

ప్రశ్న: జనాభా లెక్కలకు వచ్చినవారు "ఏం చేస్తారు?" అని అడిగితే మావారు "ఏమీ చేయదు" అని చెప్పారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఉదయం ఐదు నుంచి రాత్రి పది దాకా నేను చేసేది దేశ ఆదాయంలో ఎక్కడైనా ఉంటుందా?
(ఖమ్మం)

జవాబు: ఉండదమ్మా. ఆ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ ఇప్పుడున్న పద్ధతి అదే. మీ పొలంలో వడ్లు పండించి అమ్మకుండా మీరే తినేసినా వాటి విలువ కట్టి దేశ ఉత్పత్తిలో కలుపుతారు. ఆ బియ్యాన్ని కడిగి, వండి, నలుగురికి వడ్డించిన పనిని కలపరు. వస్తువులు లెక్కలోకి వస్తాయి, సొంత ఇంటికి చేసుకున్న సేవలు రావు. మీరు పక్కింట్లో, పక్కింటావిడ మీ ఇంట్లో, నెలకు 5,000 జీతానికి వంట చేశారనుకోండి. దేశ ఆదాయం ఏడాదికి 1,20,000 రూపాయలు పెరిగినట్టు కనబడుతుంది. ఒక్క ముద్ద అన్నం కూడా అదనంగా ఉడకలేదు. జాతీయాదాయ లెక్కలకు పునాది వేసిన సైమన్ కుజ్నెట్స్ 1934లో అమెరికాకు తొలి లెక్క ఇచ్చినప్పుడే గృహిణుల సేవలను వదిలేస్తున్నానని స్పష్టంగా చెప్పారు. ఆ తరువాత తరాలు ఆ వదిలివేతను పట్టించుకోలేదు. న్యూజిలాండ్ పార్లమెంటులో 23 ఏళ్ళకే అడుగుపెట్టిన మెరిలిన్ వేరింగ్, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంఘానికి అధ్యక్షురాలిగా ఆ లెక్కలను దగ్గరగా చూసి, 1988లో వాటి మీద చేసిన విమర్శతో ఈ ప్రశ్న మళ్ళీ ప్రపంచం ముందుకు వచ్చింది.

మీవారి జవాబు కొత్తదేమీ కాదు. 2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికాలో రెండు వందల ఏళ్ళ పాత లెక్కలను తిరగేసినప్పుడు, భర్తతో కలిసి పొలంలోనో దుకాణంలోనో పని చేసిన స్త్రీల పేరు ఎదురుగా వృత్తి గడిలో తరచుగా "భార్య" అని మాత్రమే ఉండేది. ఆమె అక్కడితో ఆగకుండా సమయ వినియోగ వివరాలను, పరిశ్రమల లెక్కలను జోడించి, కనబడకుండా పోయిన పనిని వెలికి తీశారు. అలా సరిదిద్దిన తరువాత తేలిన ఆకారం ఇంగ్లీషు యు అక్షరం లాంటిది. వ్యవసాయం ప్రధానంగా ఉన్నప్పుడు స్త్రీలు ఎక్కువగా పనిలో ఉన్నారు, ఫ్యాక్టరీలు వచ్చి పని ఇంటికి దూరమయ్యేసరికి తగ్గారు, చదువులూ ఆఫీసు ఉద్యోగాలూ పెరిగాక మళ్ళీ పెరిగారు. దేశం అభివృద్ధి చెందితే స్త్రీల ఉద్యోగాలు వాటంతట అవే పెరుగుతూ పోతాయన్న నమ్మకం అలా చెదిరిపోయింది.

మన దేశంలోనూ సమయాన్ని లెక్కపెట్టడం మొదలైంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. పిల్లల, పెద్దల సంరక్షణ దీనికి అదనం. పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో పని చేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిపి 2017-18లో 23.3 శాతం ఉండగా 2023-24 నాటికి 41.7 శాతమయ్యారు. ఆ పెరుగుదలలో పెద్ద భాగం పల్లెల్లో సొంత పనులు చేసుకునేవారిది, కుటుంబ వ్యవసాయంలో జీతం లేకుండా సాయపడేవారిది. అందుకే ఆ అంకె చూసి పూర్తిగా సంబరపడలేకపోతున్నాను. ఈసారి ఎవరైనా వచ్చి అడిగితే మీరే ముందుకు వచ్చి జవాబు చెప్పండి. గేదెలకు మేత వేస్తారని, పాలు కేంద్రానికి పోస్తారని ఉత్తరంలోనే రాశారు. ఆ పని ఇప్పుడున్న నిర్వచనాల ప్రకారం కూడా ఆర్థిక కార్యకలాపమే, మిమ్మల్ని లెక్కలోకి తీసుకోవలసిందే.

ప్రశ్న: మా డ్వాక్రా సంఘంలో పదిమందిమి. ఎవరికీ తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు, అయినా బ్యాంకు లక్షల్లో ఇస్తోంది. బాగా చదువుకున్న మా తమ్ముడికి తాకట్టు లేకుండా ఇవ్వనంది. కారణమేమిటి? ఈ అప్పులతో మా బతుకులు నిజంగా మారతాయా?
(నెల్లూరు జిల్లా)

జవాబు: అప్పు తీసుకునే మనిషి గురించి ఆ మనిషికి తెలిసినంత బ్యాంకుకు తెలియదు. ఈ సమాచార లోటును పూడ్చడానికే తాకట్టు అడుగుతారు. మీ సంఘంలో ఎవరు మాట మీద నిలబడతారో, ఎవరింట్లో ఇబ్బంది ఉందో మిగిలిన తొమ్మిదిమందికీ తెలుసు, ఒకరు కట్టకపోతే అందరికీ తదుపరి అప్పు ఆగుతుందనీ తెలుసు. బ్యాంకుకు కావలసిన సమాచారం, హామీ రెండూ మీ సమావేశంలోనే ఉన్నాయి. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి కోసం ఏర్పడిన జాతీయ బ్యాంకు నాబార్డు 1992లో 500 సంఘాలతో ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది.

అదే ఏడాది మీ జిల్లాలోని దూబగుంటలో, అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు సారా కొట్టు మూయించారు. వాళ్ళకు ముందు నిలిచిన రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. దాని ఆర్థిక పార్శ్వాన్ని మనం తక్కువగా చెప్పుకుంటాం. సారాకు పోయే డబ్బు ఇంట్లో నిలవడం మొదలయ్యాక, రోజుకు ఒక్క రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు నెల్లూరు పల్లెల్లో పుట్టాయి. అప్పు కన్నా పొదుపు ముందు వచ్చిందన్న ఈ వరుస చాలా విలువైనది. అప్పటిదాకా ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న ఇల్లాలు సాలుకు నూటికి అరవై కడుతుండేది. సంఘంలో రెండు రూపాయల వడ్డీ అంటే సాలుకు ఇరవై నాలుగు, అదీ మళ్ళీ సంఘం పెట్టెలోకే. పావలా వడ్డీ అంటే మూడు. అప్పు మొత్తం మారకపోయినా వడ్డీ తగ్గడమే ఒక ఆదాయం.

మీ రెండో ప్రశ్నకు ఊహతో కాకుండా పరీక్షించి చెప్పిన జవాబు ఉంది, అది హైదరాబాదు నుంచే వచ్చింది. ఎస్తేర్ డుఫ్లో, అభిజిత్ బెనర్జీ, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు నగరంలోని 104 బస్తీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంచిన 52 బస్తీలలో ఒక సూక్ష్మ రుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచేలా చూసి, మిగిలినవాటితో పోల్చారు. ఎంపిక లాటరీది గనుక రెండు గుంపుల మధ్య తేడా కనబడితే అది అప్పు వల్లనే అని చెప్పగలం. అప్పటికే వ్యాపారం ఉన్నవారు దాన్ని కొంత పెంచుకున్నారు, కొందరు ఇంటికి మన్నికైన వస్తువులు కొన్నారు, పాన్, టీ వంటి చిల్లర ఖర్చులు తగ్గించుకున్నారు. అయితే కుటుంబం మొత్తం ఖర్చు స్థాయి పెరగలేదు, ఇంట్లో స్త్రీ మాట చెల్లుబాటు పెరిగిన దాఖలా కనబడలేదు. డుఫ్లో 2019లో నోబెల్ అందుకున్నారు, ఆర్థిక శాస్త్రంలో ఆ బహుమతి పొందినవారిలో అప్పటికి అతి చిన్న వయస్కురాలు. అది వారానికోసారి వసూలు చేసే ప్రైవేటు రుణాల మీద జరిగిన పరీక్ష, పొదుపుతో మొదలైన మీ సంఘం మీద కాదు. అయినా అప్పు దానంతట అదే బతుకును మార్చదన్న మాట మీకూ వర్తిస్తుంది. గేదెకో కుట్టుమిషనుకో తీసుకున్న అప్పు వేరు, పెళ్ళి ఖర్చుకు తీసుకున్న అప్పు వేరు. ఆ తేడా మీ తీర్మానాల పుస్తకంలో కనబడాలి.

ప్రశ్న: నేను ఇంటర్‌లో లెక్కలు వదిలేశాను. డిగ్రీలో అర్థశాస్త్రం తీసుకోవాలని ఉంది. లెక్కలు రాని ఆడపిల్లకు అది ఎందుకని మా మామయ్య అంటున్నారు. ఆ రంగంలో స్త్రీలు పైకి వచ్చిన దాఖలాలు ఉన్నాయా?
(కర్నూలు)

జవాబు: 1969లో మొదలైన ఆర్థిక శాస్త్ర నోబెల్‌ను నేటి వరకు ముగ్గురు స్త్రీలే అందుకున్నారు. ఇద్దరి గురించి పైన రాశాను. జోన్ రాబిన్సన్‌కు రాలేదు, అది నాకు ఇప్పటికీ బాధే. అందరికన్నా ముందు, 2009లో, అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కథ మీ మామయ్యగారికి వినిపించండి. బడిలో ఆమెను త్రికోణమితి తీసుకోనివ్వలేదు. ఆ లెక్కల పునాది లేదన్న కారణంతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆమెను అర్థశాస్త్రంలో పీహెచ్‌డీకి చేర్చుకోలేదు. ఆమె రాజనీతి శాస్త్రంలో చేరి 1965లో డాక్టరేట్ పొందారు.

ఆమె చేసిన పని మీ జిల్లావారికి బాగా అర్థమవుతుంది. పచ్చికబీడు అందరిదీ అయితే ప్రతివాడూ ఇంకో పశువును తోలుతాడని, చివరికి బీడు ఎండిపోతుందని, దాన్ని ప్రభుత్వానికో ప్రైవేటు యజమానికో అప్పగించడమే దారి అని 1968లో గారెట్ హార్డిన్ వాదించారు. ఆస్ట్రమ్ స్విట్జర్లాండ్ కొండల బీళ్ళను, స్పెయిన్ కాలువలను, నేపాల్ సాగునీటి పద్ధతులను పరిశీలించి, వాడుకునేవాళ్ళే నియమాలు పెట్టుకుని, కాపలా పెట్టుకుని, తప్పు చేసినవాడికి మొదట చిన్న జరిమానా, మళ్ళీ చేస్తే పెద్ద జరిమానా వేసుకుంటూ వందల ఏళ్ళుగా ఉమ్మడి వనరును కాపాడుకున్న చోట్లు ఎన్నో ఉన్నాయని చూపించారు. ఆమె ఆధారంగా తీసుకున్న పరిశోధనల్లో రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లా గ్రామాల్లో చేసినది ఒకటి. కాలువ చివరి భూముల ఊళ్ళవారు ఉమ్మడిగా నీళ్ళు కట్టే మనుషులను పెట్టుకుని, కోతల తరువాత పొలాల్లో మందలు మేపుకునే హక్కును వేలం వేసి, ఆ డబ్బుతో వాళ్ళకు జీతాలిచ్చేవారు. కాలువ మొదట్లో నీళ్ళు పుష్కలంగా ఉన్న ఊళ్ళలో ఈ ఏర్పాటు అరుదు. కొరత ఉన్న చోటే కట్టుబాటు పుట్టింది.

లెక్కలు అక్కరలేదని మాత్రం నేను చెప్పను. ఇవాళ అర్థశాస్త్రంలో ముందుకు పోవాలంటే గణాంక శాస్త్రం, కలన గణితం కావాలి. డిగ్రీ మొదటి ఏడాదిలో గణాంక శాస్త్రాన్ని తోడుగా తీసుకోండి, ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకాన్ని ఈ వేసవిలోనే తెరవండి. వీలైతే ఒక సాయంత్రం మీ ఊరి చెరువు దగ్గరికో కాలువ దగ్గరికో వెళ్ళి, నీరుగంటి ఎవరు, ఆయనకు జీతం ఎవరిస్తారు, వంతు తప్పినవాడిని ఏం చేస్తారు అని అడిగి, తెలిసినది నాకు రాసి పంపండి. వచ్చే సంచికలో ఈ శీర్షికలోనే వేస్తాను.